మొదటి పెళ్లి ఉండగానే రెండో పెళ్లి: తరచుగా అడిగే ప్రశ్నలు

బహుభార్యాత్వం అంటే చాలామందికి రాజుల అంతఃపురాలు గుర్తొస్తాయి. ఉచిత న్యాయ సహాయం కోసం వచ్చేవాళ్ల చేతిలో మాత్రం గుడిలో తీసిన ఫొటో ఒకటి, నలిగిపోయిన ఆధార్ జిరాక్సు, వంద రూపాయల స్టాంపు పేపరు ఉంటాయి. కింది ప్రశ్నలు అలాంటివాళ్లు అడిగేవే. ఎక్కువ భాగం హిందూ వివాహ చట్టం చుట్టూ తిరుగుతాయి, గొడవలు ఎక్కువగా వచ్చేది అక్కడే కాబట్టి.

మన దేశంలో ఇద్దరు భార్యలు ఉండటం నేరమా?

మీ పెళ్లి ఏ చట్టం కిందికి వస్తుందో దాన్నిబట్టి ఉంటుంది. హిందువులు, సిక్కులు, జైనులు, బౌద్ధులకు 1955 నాటి హిందూ వివాహ చట్టం వర్తిస్తుంది. దాని 5వ సెక్షన్‌లో మొదటి షరతే ఇది: పెళ్లి నాటికి వధూవరుల్లో ఎవరికీ బతికున్న భర్త గానీ భార్య గానీ ఉండకూడదు. ఉంటే 11వ సెక్షన్ ప్రకారం ఆ రెండో పెళ్లి చెల్లదు. 17వ సెక్షన్ ప్రకారం అది నేరం కూడా. క్రైస్తవులకు, పార్సీలకు, ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకున్న ఏ మతం వాళ్లకైనా ఇదే నియమం.

శిక్ష ఏడేళ్ల వరకు జైలు, జరిమానా. మొదటి పెళ్లి సంగతి దాచిపెట్టి చేసుకుంటే పదేళ్ల వరకు. పాత ఐపీసీలో (భారత శిక్షాస్మృతి) ఇవి 494, 495 సెక్షన్లు. 2024 జులై 1 నుంచి, దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కిందికి వచ్చాయి. పెళ్లి ఆ తేదీకి ముందు జరిగి ఉంటే పాత సెక్షన్లే వర్తిస్తాయి.

ముస్లిం పురుషులకు వాళ్ల పర్సనల్ లా (మతపరమైన కుటుంబ చట్టం) ఉత్తరాఖండ్ లాంటి చోట్ల తప్ప నలుగురు భార్యల వరకు అనుమతిస్తుంది. షెడ్యూల్డ్ తెగలకు కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప హిందూ వివాహ చట్టం వర్తించదు, వాళ్ల ఆచారమే వాళ్లకు చట్టం.

మా తాతగారికి ఇద్దరు భార్యలు. అప్పట్లో ఎవరూ ఏమీ అనలేదే?

1955కు ముందు హిందూ పురుషుడు ఎంతమందిని చేసుకున్నా చాలా చోట్ల అడ్డు లేదు. బొంబాయి రాష్ట్రం 1946లో, మద్రాసు రాష్ట్రం 1949లో నిషేధ చట్టాలు తెచ్చాయి. కోస్తా, రాయలసీమ అప్పుడు మద్రాసులో భాగం కాబట్టి అక్కడ 1949 నుంచే రెండో పెళ్లి చెల్లకుండా పోయింది. ఆ చట్టాలను కోర్టులో సవాలు చేసినవాళ్లూ ఉన్నారు. కొడుకు లేకపోతే పున్నామ నరకం తప్పదు, కాబట్టి రెండో పెళ్లి మా మత హక్కు అని వాదించారు. 1950ల మొదట్లో బొంబాయి, మద్రాసు హైకోర్టులు రెండూ ఆ వాదనను తోసిపుచ్చాయి.

నిషేధానికి ముందు జరిగిన పెళ్లిళ్లు మాత్రం చెల్లుతాయి. అందుకే 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలో ‘ఒకరి కంటే ఎక్కువ మంది వితంతువులు ఉంటే అందరికీ కలిపి ఒక వాటా’ అనే మాట ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ ఒక్క వాక్యం చూపించి ‘చూశారా, చట్టమే ఒప్పుకుంది’ అని వాదించేవాళ్లు ఇంకా ఉన్నారు. అది ఆ పాతకాలం వాళ్ల కోసం రాసింది.

మొదటి భార్య ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటే?

చెల్లదు. నోటరీ దగ్గర సంతకం పెట్టినా చెల్లదు. పిల్లలు లేరన్నా, కొడుకు లేడన్నా, ఆమెకు జబ్బు చేసిందన్నా అంతే. ఇలాంటి మినహాయింపు కాగితం మీద మిగిలింది గోవాలో. అక్కడి 1880 నాటి పోర్చుగీసు కాలపు నిబంధన, భార్యకు 25 ఏళ్లు వచ్చినా సంతానం లేకపోతే, 30 ఏళ్లు వచ్చినా కొడుకు పుట్టకపోతే, హిందూ పురుషుడు మళ్లీ చేసుకోవచ్చంటుంది. ఆచరణలో అది ఎప్పుడో మూలన పడింది.

ఒక మాట. ‘ఆమే ఒప్పుకుంది’ అని చెప్పేది దాదాపు ఎప్పుడూ భర్తే. ఆమెను పక్కకు పిలిచి విడిగా అడిగితే కథ వేరే ఉంటుంది.

పెద్దమనుషుల ముందు విడిపోయినట్టు కాగితం రాసుకున్నాం. అది చాలదా?

చాలదు. మన ఊళ్లలో అందరికంటే ఎక్కువమందిని ముంచిన కాగితం ఇదే. స్టాంపు పేపరు మీద ‘ఇకపై మాకు ఎలాంటి సంబంధమూ లేదు’ అని రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టి, అయిదుగురు సాక్షులు వేలిముద్రలు వేసినా అది విడాకులు కాదు. విడాకులు ఇస్తూ కోర్టు ఇచ్చిన ఉత్తర్వు, అంటే డిక్రీ, ఉండాల్సిందే.

ఒక చిన్న సందు ఉంది. కొన్ని కులాల్లో పెద్దల ముందు విడాకులిచ్చే ఆచారం తరతరాలుగా ఉంటే హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ దాన్ని గుర్తిస్తుంది. అయితే ‘మాలో అలాగే చేస్తారు’ అని చెబితే సరిపోదు. ఆ ఆచారం ఎప్పటి నుంచో, ఆగకుండా నడుస్తోందని సాక్ష్యాలతో నిరూపించాలి. ఆ భారం దాని మీద ఆధారపడేవాళ్లదే, చాలామంది మోయలేరు కూడా.

విడాకుల కేసు నడుస్తోంది. ఈలోగా చేసుకోవచ్చా?

డిక్రీ రాకుండా వద్దు. వచ్చాక కూడా అప్పీలు గడువు (90 రోజులు) పూర్తయ్యేదాకా ఆగడం మంచిది. ఎదుటివాళ్లు రాకుండానే ఎక్స్‌పార్టీ డిక్రీ వచ్చి ఉంటే ఇంకా జాగ్రత్త, వాళ్లు తిరిగొచ్చి దాన్ని కొట్టేయించుకునే అవకాశం ఉంటుంది.

నా భర్త వెళ్లిపోయి ఎనిమిదేళ్లు. ఉన్నాడో లేడో తెలీదు.

ఏడేళ్లు ఏకధాటిగా జాడ లేకుండా పోయి, బతికి ఉన్నట్టు మీకు కబురు అందకపోతే, మళ్లీ పెళ్లి చేసుకున్నందుకు శిక్ష పడదు. కాకపోతే ఈ సంగతి చేసుకోబోయే వ్యక్తికి ముందే చెప్పి ఉండాలి. ఇది మిమ్మల్ని జైలు నుంచి కాపాడుతుంది అంతే. రేపు అతను తిరిగొస్తే పెళ్లి చెల్లుబాటు మీద పేచీ మొదలవుతుంది. ఏడేళ్లుగా జాడ లేకపోవడం విడాకులకూ ఒక కారణమే కాబట్టి ముందు డిక్రీ తీసుకోండి.

నా భర్త రెండో పెళ్లి చేసుకున్నాడు. ఫొటోలు ఉన్నాయి. కేసు పెడితే శిక్ష పడుతుందా?

నిజం చెప్పాలంటే, ఇలాంటి కేసులు చాలా వీగిపోతాయి. కారణం వింటే కడుపు మండుతుంది. రెండో ‘పెళ్లి’ కూడా శాస్త్రోక్తంగా, అన్ని తంతులతో జరిగిందని రుజువు చేయాలి. కలిసి కాపురం చేస్తున్నారని, పిల్లలు పుట్టారని, ఓటరు లిస్టులో భార్యగా పేరుందని చూపిస్తే చాలదు.

దీనికి మూలం 1965లో సుప్రీంకోర్టు ఇచ్చిన భావురావ్ శంకర్ లోఖండే తీర్పు. మహారాష్ట్రకు చెందిన ఆ వ్యక్తి భార్య ఉండగానే 1962 ఫిబ్రవరిలో ఇంకొకామెను చేసుకున్నాడు. దండలు మార్చుకున్నారు, ఇద్దరి నుదుళ్లూ ఆనించారు. హోమం లేదు, సప్తపది లేదు. మాది గాంధర్వ వివాహం అన్నాడు. అవసరమైన తంతు జరిగినట్టు రుజువు కాలేదు కాబట్టి అది పెళ్లే కాదు, పెళ్లి కానప్పుడు రెండో పెళ్లి నేరమూ లేదని కోర్టు వదిలేసింది. ఆ తర్వాత ఇంకో కేసులో, నిందితుడు ‘అవును, చేసుకున్నాను’ అని ఒప్పుకున్నా అదొక్కటే సరిపోదంది.

అంటే తంతు ఎంత తక్కువ చేస్తే తప్పించుకోవడం అంత తేలిక. గుడి వెనక అయిదు నిమిషాల్లో పసుపుతాడు కట్టించేవాళ్లకు ఈ తీర్పు పేరు తెలియకపోవచ్చు గానీ దాని ఫలితం బాగా తెలుసు.

మరి ఏం చేయాలి? మీ ఫొటోలు ఏమిటో చూడండి. ఇద్దరూ దండలతో నిలబడ్డ ఫొటో బలహీనం. తాళి కడుతున్నప్పటిది, తలంబ్రాలు పోస్తున్నప్పటిది, అడుగులు వేస్తున్నప్పటిది ఉంటే బలం. వీడియో ఉంటే ఇంకా మంచిది. పెళ్లి చేయించిన పురోహితుడు, దగ్గరుండి చూసినవాళ్లు, శుభలేఖ, గుడిలో కట్టిన రసీదు, రిజిస్ట్రేషన్ కాపీ, అన్నీ పోగు చేయండి. హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ వధూవరుల్లో ఎవరి ఆచారం ప్రకారం జరిగినా పెళ్లిని ఒప్పుకుంటుంది. మీ కులంలో హోమం, సప్తపది లేకుండా తాళి కడితేనే పెళ్లయినట్టు అయితే, ఆ సంగతి చెప్పగల పెద్దలను సాక్షులుగా పెట్టాలి. లాయర్లు తరచూ మర్చిపోయేది ఇదే. 2001లో తమిళనాడు కేసు ఒకదానిలో అక్కడి చట్టం గుర్తించిన సులువు పద్ధతిలో పెళ్లి జరిగిందని చూపించడంతో, సప్తపది లేకపోయినా సుప్రీంకోర్టు నేరం రుజువైనట్టే అంది.

అలాగే మీ మొదటి పెళ్లికి కూడా రుజువు కావాలి. ఆ ఆల్బమ్ అత్తారింట్లో వదిలేసి రాకండి.

పోలీసులు ఫిర్యాదు తీసుకోవడం లేదు.

సాధారణ నియమం ప్రకారం ఇది పోలీసులు నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టే నేరం కాదు. బాధితులు మేజిస్ట్రేట్ దగ్గర ప్రైవేటు కంప్లైంటు వేయాలి. భార్య తరఫున ఆమె తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు, మేనమామ, మేనత్త, పిన్ని, బాబాయి లాంటివాళ్లు కూడా వేయొచ్చు. ఆంధ్రప్రదేశ్ 1992లో పాత నేర విచారణ చట్టాన్ని సవరించి దీన్ని పోలీసులు నేరుగా తీసుకునే నేరంగా మార్చింది. దాని స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత పట్టికలో మాత్రం మళ్లీ పాత సాధారణ పద్ధతే ఉంది. స్టేషన్లో ‘కోర్టుకి వెళ్లమ్మా’ అంటే అన్నిసార్లూ తప్పించుకోవడానికి అన్నట్టు కాదు. అదే సమయంలో వేధింపులు, కట్నం, కొట్టడం ఉంటే వాటి మీద ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందే.

ఆలస్యమైందని భయపడకండి. ఏడేళ్ల శిక్ష ఉన్న నేరం కాబట్టి కాలపరిమితి లేదు.

మతం మారి రెండో పెళ్లి చేసుకుంటే?

దొరికిపోతారు. పేరు మార్చుకుని, ఇస్లాం తీసుకుని రెండో పెళ్లి చేసుకున్న హిందూ భర్తల కేసుల్లో సుప్రీంకోర్టు 1995లో సర్లా ముద్గల్ తీర్పు ఇచ్చింది. 2000లో లిలీ థామస్ కేసులో దాన్నే ఖాయం చేసింది. మతం మారినంత మాత్రాన మొదటి పెళ్లి రద్దు కాదు. అది ఉండగా చేసుకున్నది చెల్లదు, శిక్షా తప్పదు.

ముస్లిం భర్త ఇంకో పెళ్లి చేసుకుంటే మొదటి భార్య చేయగలిగిందేమీ లేదా?

చాలా ఉంది. భార్యలందరినీ సమానంగా చూడాలని ఖురాన్ షరతు పెట్టింది. అలా చూడకపోతే 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం కింద ఆమె విడాకులు కోరవచ్చు. 1960లో అలహాబాద్ హైకోర్టు ఒక కేసులో, రెండో భార్యను తెచ్చుకుని మొదటి భార్యను కాపురానికి పంపమని దావా వేసిన భర్తకు మొండిచేయి చూపింది. భర్త మళ్లీ పెళ్లి చేసుకుంటే అతనితో ఉండనని చెప్పి వేరుగా ఉంటూ మనోవర్తి అడిగే హక్కు ఏ మతం భార్యకైనా ఉంది. నికానామాలో (ముస్లింల పెళ్లి ఒప్పంద పత్రం) ముందే ‘రెండో పెళ్లి చేసుకుంటే నాకు విడిపోయే హక్కు’ అని రాయించుకోవచ్చు. ఆ షరతు చెల్లుతుంది. పెళ్లి హడావిడిలో ఆ కాగితం చదివేవాళ్లే తక్కువ.

ఇస్లామిక్ పద్ధతిలో రెండో పెళ్లి చెల్లుబాటైనదే కాబట్టి ఆ భార్యకూ వారసత్వం ఉంటుంది. హనఫీ చట్టంలో (సున్నీ ముస్లింలలో ఒక శాఖ పాటించేది) పిల్లలుంటే ఎనిమిదో వంతు, లేకపోతే నాలుగో వంతు, అది భార్యలందరికీ కలిపి.

నేనే రెండో భార్యని. అతనికి ముందే పెళ్లయిందని నాకు తెలీదు. నా గతేంటి?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు గొంతు తగ్గించి అడుగుతారు, తప్పు తామే చేసినట్టు. చట్టం దృష్టిలో మీది పెళ్లి కాదు. ఆ మాట వినడానికి కష్టమే. కానీ మోసపోయిన మనిషికి దారులున్నాయి.

మొదటిది, మీరు కూడా బాధితురాలే. 2011లో ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన సుభాష్ బాబు కేసులో, మొదటి భార్య చనిపోయిందని చెప్పి పెళ్లి చేసుకున్న ఒక ఎస్సై మీద రెండో భార్య కేసు పెట్టింది. ఫిర్యాదు చేసే హక్కు మొదటి భార్యకే ఉందని అతను వాదించాడు. మోసపోయిన రెండో భార్యకూ ఉందని సుప్రీంకోర్టు తేల్చింది. పెళ్లయినట్టు నమ్మించి కాపురం చేస్తే పదేళ్ల వరకు శిక్ష వేసే సెక్షన్ కూడా విడిగా ఉంది, న్యాయ సంహితలో 81వది.

రెండోది, మనోవర్తి. 2005లో ఒక కేసులో సుప్రీంకోర్టు రెండో భార్యకు ఇవ్వలేమంది. 2013లో బాద్‌షా కేసులో, మొదటి పెళ్లి దాచి మోసం చేసినవాడు ఆ మోసాన్నే అడ్డం పెట్టుకుని తప్పించుకోలేడు, ఆమెను భార్యగానే చూడాలంది. 2025 ఫిబ్రవరిలో, పెళ్లి చెల్లదని కోర్టు ప్రకటించినా హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కింద శాశ్వత భరణం ఇవ్వొచ్చని చెప్పింది.

మూడోది, కట్నం కోసం వేధిస్తే ‘అసలు ఆమె నా భార్యే కాదు’ అనే వాదన పనిచేయదని 2004లోనే తీర్పుంది.

ఆస్తి సంగతి వేరు. అతను చనిపోతే వారసురాలిగా మీకు వాటా రాదు. స్వార్జితం వీలునామా రాసి ఇవ్వొచ్చు, బతికుండగానే రాయించుకున్నవాళ్లు ఒడ్డున పడ్డారు. ‘నామినీగా నీ పేరే పెట్టాను’ అన్న మాటకు మురిసిపోకండి, నామినీ అంటే యజమాని కాదు.

అన్నీ తెలిసే చేసుకుంటే?

పై రక్షణల్లో చాలావరకు పోతాయి. తెలిసి సహకరించినందుకు మీ మీదా కేసు రావచ్చు.

రెండో భార్య పిల్లలకు ఆస్తి వస్తుందా?

వస్తుంది. హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ ప్రకారం పెళ్లి చెల్లకపోయినా పిల్లలు సక్రమ సంతానమే. తండ్రి స్వార్జితంలో మొదటి భార్య పిల్లలతో సమానం. ఉమ్మడి కుటుంబ ఆస్తి మీద చాలా ఏళ్లు గందరగోళం ఉండేది. 2023 సెప్టెంబరు 1న రేవణసిద్ధప్ప కేసులో సుప్రీంకోర్టు దాన్ని విప్పింది. తండ్రి చనిపోవడానికి సరిగ్గా ముందు భాగాలు పంచి ఉంటే ఆయనకు ఎంత వచ్చేదో, ఆ వాటాలో వీళ్లకూ భాగం ఉంటుంది. తాతల ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు మాత్రం ఉండదు.

ఉదాహరణకు తండ్రి, మొదటి భార్య కొడుకు ఇద్దరే వాటాదారులనుకోండి. ఆరెకరాల్లో తండ్రివి మూడు. రెండో భార్య పిల్లలు తగువాడాల్సింది ఆ మూడెకరాల్లో వాటా కోసమే, ఆరింటి కోసం కాదు.

భర్త ప్రభుత్వ ఉద్యోగి అయితే?

కేసు కోర్టులో నిలబడకపోయినా ఉద్యోగానికి ఎసరు రావచ్చు. కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి (1964) 21వ నియమం రెండో పెళ్లిని నిషేధిస్తుంది, రాష్ట్రాలకూ అలాంటివే ఉన్నాయి. ముస్లిం ఉద్యోగికీ ఇది వర్తిస్తుందని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. శాఖాపరమైన విచారణలో క్రిమినల్ కోర్టంత కఠినమైన రుజువు అడగరు. కుటుంబ పెన్షన్ మొదటి భార్యకే. రెండో భార్య పిల్లలకు మాత్రం వాళ్ల వాటా వస్తుందని 2000లో రామేశ్వరీదేవి కేసులో తేలింది.

పెళ్లి చేసుకోకుండా ఇంకొకామెతో కలిసి ఉంటే?

2018లో వ్యభిచారాన్ని నేరాల జాబితా నుంచి సుప్రీంకోర్టు తీసేసింది. కాబట్టి జైలు లేదు, విడాకులకు కారణం మాత్రం అవుతుంది. చేసుకుంటే నేరం, చేసుకోకుండా ఉంటే కాదు. వింతగా ఉన్నా పరిస్థితి అదే.

ఒక స్త్రీకి ఇద్దరు భర్తలు?

చట్టం స్త్రీకైనా పురుషుడికైనా ఒకటే, ముస్లిం మహిళకైతే పర్సనల్ లా కూడా ఒప్పుకోదు. ఆచారంగా మిగిలింది కొన్ని తెగల్లో. హిమాచల్‌లోని కిన్నౌర్, సిర్మౌర్, ఉత్తరాఖండ్‌లోని జౌన్సార్ బావర్ ప్రాంతాల్లో అన్నదమ్ములు ఒకే స్త్రీని చేసుకునేవాళ్లు. కొండల్లోని కొద్దిపాటి పొలం ముక్కలు కాకూడదనేది కారణంగా చెబుతారు. 2025 జులైలో సిర్మౌర్‌లో హట్టీ తెగ అన్నదమ్ములిద్దరు బహిరంగంగానే అలా పెళ్లి చేసుకున్నారు.

ఇప్పుడు ఇలాంటి కుటుంబాలు ఎన్ని ఉన్నాయి?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ‘మీ భర్తకు ఇంకో భార్య ఉందా’ అని వివాహితలను అడిగారు. ఉందన్నవాళ్లు 1.4 శాతం. 2005-06లో 1.9 ఉండేది. హిందువుల్లో 1.3, ముస్లింలలో 1.9, క్రైస్తవుల్లో 2.1. మేఘాలయలో 6.1. చట్టం నిషేధించిన హిందువులకీ అనుమతించిన ముస్లింలకీ మధ్య తేడా అరశాతం పైచిలుకే. ఈ అంశం మీద టీవీలో అరుచుకునేవాళ్లు ఈ పట్టిక ఒకసారి చూస్తే బాగుండేది.

వేరే దేశాల్లో?

ట్యునీషియా 1956లో పూర్తిగా నిషేధించింది, టర్కీ ఇంకా ముందే, 1926లో. పాకిస్తాన్ 1961 నుంచి మధ్యవర్తి మండలి అనుమతి కావాలంటోంది, మొరాకో 2004 నుంచి జడ్జి అనుమతి అడుగుతోంది. దక్షిణాఫ్రికా 1998 చట్టం ఆచార వివాహాల్లో దీన్ని గుర్తిస్తుంది, కెన్యా 2014 చట్టం కూడా. అమెరికాలో నేరమే, అయితే యూటా రాష్ట్రం 2020లో పెద్దవాళ్ల పరస్పర ఇష్టం ఉంటే దాన్ని చిన్న తప్పు స్థాయికి తగ్గించింది. ఎక్కువగా కనిపించేది పశ్చిమాఫ్రికాలో, బుర్కినా ఫాసోలో మూడో వంతుకు పైగా జనం ఇలాంటి ఇళ్లలోనే ఉంటారు. ప్రపంచం మొత్తం మీద ఇది 2 శాతం దగ్గర.

ఉమ్మడి పౌరస్మృతి వస్తే అందరికీ ఒకటే అవుతుందా?

ఉత్తరాఖండ్‌లో 2025 జనవరి 27 నుంచి అమల్లో ఉంది, మతంతో పని లేకుండా నిషేధం. షెడ్యూల్డ్ తెగలను వదిలేశారు. అస్సాం శాసనసభ 2025 నవంబరులో విడిగా ఒక బిల్లు ఆమోదించింది, అందులోనూ తెగలకు మినహాయింపే. రెండో పెళ్లిని ఎలా రుజువు చేయాలన్న పాత చిక్కు మాత్రం కొత్త చట్టాల్లోనూ కోర్టు బోనులోనే తేలాలి.

లాయరుకి ఇచ్చుకునే స్తోమత లేదు.

మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. ఫోన్ 15100. వెళ్లేటప్పుడు ఫొటోలు, శుభలేఖ, ఆధార్, ఆ స్టాంపు పేపరు ఒరిజినల్స్ చూపించండి, ఇచ్చేది మాత్రం జిరాక్సులే.